కెడిల్‌స్టన్ హాల్ అసలు ఎవరు కట్టారు? కలకత్తా రాజ్‌భవన్ దానికి కాపీయేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఇంగ్లండ్‌లో డెర్బీలో చదువుకుంటున్నారు. ఆదివారం స్నేహితులతో దగ్గర్లోని కెడిల్‌స్టన్ హాల్ అనే 18వ శతాబ్దపు పెద్ద మేడ చూసొచ్చారు. అక్కడి వాలంటీర్ "ముగ్గురు ఆర్కిటెక్టులు" అన్నారు, ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే అన్నిచోట్లా రాబర్ట్ ఆడమ్ పేరే ఉంది. ముందు వైపు ఒకలా, వెనక వైపు ఇంకోలా ఎందుకుంది? కలకత్తా రాజ్‌భవన్, మన హైదరాబాద్ కోఠీలోని రెసిడెన్సీ దీని కాపీలేనా? చివర్లో "ఇదంతా మన ఇండియా డబ్బేనా?" అని కూడా అడిగారు. ఫోటోలు పెట్టి, మళ్లీ వెళ్తానన్నారు.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. వాలంటీర్ చెప్పిందే నిజం, ముగ్గురు. మాథ్యూ బ్రెటింగ్‌హామ్ మొదలుపెట్టాడు, జేమ్స్ పెయిన్ కొనసాగించాడు, రాబర్ట్ ఆడమ్ పూర్తి చేశాడు. పూర్తి చేశాడనడం కూడా మర్యాదకే, ఆ ఇల్లు ఈ రోజుకీ సగమే. కలకత్తా భవనం కెడిల్‌స్టన్ నుంచే వచ్చింది, కానీ మీరు చూసిన కెడిల్‌స్టన్ నుంచి కాదు. కాగితం మీద మిగిలిపోయిన కెడిల్‌స్టన్ నుంచి. కోఠీ రెసిడెన్సీ కాపీ కాదు, చుట్టం. డబ్బు సంగతి చివర్లో చెప్తాను.

నేను ఇంగ్లండ్‌లో పాత కట్టడాల మరమ్మతులు చూసే ఆర్కిటెక్ట్‌ని. పద్దెనిమిదేళ్లుగా మిడ్‌లాండ్స్‌లోనే ఉంటున్నాను. కెడిల్‌స్టన్‌లో నేను పని చేయలేదు. టికెట్ కొనుక్కుని వెళ్లే మనిషినే, కాకపోతే పాతికసార్లు వెళ్లుంటాను. కాబట్టి ఇది లోపలి మనిషి చెప్పే రహస్యం కాదు. ఇలాంటి ఇళ్ల అటకలెక్కి, సెల్లార్లలో దూరి అలవాటైనవాడి చూపు, అంతే.

ఇక కథ. కర్జన్ కుటుంబం 12వ శతాబ్దం నుంచీ ఆ నేల మీదే ఉంది. ఇప్పుడున్న ఇంటికి ముందు అక్కడ ఒక ఎర్ర ఇటుక ఇల్లుండేది, 1700 ప్రాంతంలో కట్టింది. అప్పటికి అది అరవై ఏళ్ల ఇల్లు. ఈ దేశంలో అరవై ఏళ్లంటే కొత్తిల్లే. 1758 చివర్లో తండ్రి పోయాక నాథానియల్ కర్జన్ చేతికి ఆస్తి వచ్చింది. ముప్ఫై ఏళ్ల పైబడిన మనిషి. బొమ్మలు, శిల్పాలు, పాత రోమ్ అంటే పిచ్చి. ఇంకో కారణం కూడా ఉంది. అదే డెర్బీషైర్‌లో కావెండిష్ కుటుంబం వాళ్ల చాట్స్‌వర్త్ మేడ ఉంది. వాళ్లు విగ్ పార్టీ, కర్జన్లు దానికి ఎదురు పార్టీ, టోరీ. పక్క ఊరి పెద్దకామందు మేడ కడితే మన ఊరి పెద్దాయనకి నిద్ర పట్టదు కదా, అదే జబ్బు. 1759లో ఆ ఇటుక ఇంటిని పడగొట్టించి కొత్త పని మొదలుపెట్టించాడు.

పడగొట్టింది ఇల్లొక్కటే కాదు. ఇంటి ముందే కెడిల్‌స్టన్ ఊరు ఉండేది. దాన్ని అక్కణ్ణుంచి లేపేసి దూరంగా కట్టించారు, రోడ్డు కూడా జరిపించారు. కిటికీలోంచి చూస్తే పచ్చిక, నీళ్లు, గొర్రెలు కనిపించాలి గానీ మనుషుల ఇళ్లు కనిపించకూడదు. జరపలేకపోయింది చర్చిని ఒక్కదాన్నే. ఇంటికి పడమర పక్కన ఆనుకుని, ఆ మేడ పక్కన చిన్నపిల్లలా నిలబడి ఉంటుంది చూడండి, అదే ఆ పాత ఊరికి మిగిలిన గుర్తు. మీరు దాన్ని చూడకుండా వచ్చేశారని మీ ఫోటోలు చూస్తే అర్థమైంది. అందరూ అదే తప్పు చేస్తారు.

ఇప్పుడు ముగ్గురి సంగతి. బ్రెటింగ్‌హామ్ అప్పటికే నార్‌ఫోక్‌లోని హోల్కమ్ హాల్ పని చూసి అనుభవం ఉన్నవాడు. హోల్కమ్‌లో మధ్యలో పెద్ద ఇల్లు, నాలుగు మూలలా నాలుగు చిన్న ఇళ్లు. అదే ఆలోచన ఇక్కడికీ వచ్చింది. మధ్యలో పెద్ద భవనం, దానికి నాలుగు రెక్కలు. ఒక్కో రెక్కకీ వంపు తిరిగిన నడవా. ఈ పథకానికి తాత ఇటలీలో ఉన్నాడు. అక్కడి ఆర్కిటెక్ట్ పల్లాడియో 1570లో అచ్చు వేయించిన పుస్తకంలో విల్లా మోచెనిగో అని ఒక ప్లాన్ ఉంది, సరిగ్గా ఇలా నాలుగు వంపు చేతులతో. ఆయన గీసినట్టు ఆ ఇల్లు ఎప్పుడూ పూర్తిగా కట్టలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

బ్రెటింగ్‌హామ్ తూర్పు రెక్క లేపాడు. కుటుంబం ఉండటానికి అన్నమాట. యజమాని తెలివి ఇక్కడ కనిపిస్తుంది, ముందు ఉండటానికి చోటు, ఆ తర్వాత దర్జా. తర్వాత పెయిన్ వచ్చాడు. పడమటి రెక్క, అంటే వంటిల్లు, మధ్య భవనానికి ఉత్తరపు ముఖం ఆయన లెక్కలోవి. ఇంతలో ఇటలీ నుంచి కొత్తగా తిరిగొచ్చిన ఆడమ్ అనే స్కాట్లాండ్ కుర్రాడు 1758 డిసెంబరులోనే కర్జన్‌ని కలిసి డ్రాయింగులు చూపించాడు. మొదట ఇచ్చింది తోట పనే. పార్కులో చిన్న చిన్న కట్టడాలు, వంతెన, అలాంటివి. 1760 కల్లా ఇల్లంతా ఆయన చేతిలోకి వెళ్లిపోయింది. తోట పనికని పిలిచిన మనిషి ఇంటి పెత్తనం పట్టేశాడన్నమాట. మా వృత్తిలో ఇలాంటివి ఇప్పటికీ జరుగుతాయి, నాకు అటూ ఇటూ రెండు అనుభవాలూ ఉన్నాయి. పేర్లు వద్దులెండి.

అందుకే ఆ ఇంటికి రెండు ముఖాలు. ఉత్తరం వైపు, మీరు కారు దిగి నడిచి వచ్చే వైపు, సుమారు 350 అడుగుల పొడవు. మధ్యలో పోర్టికో. పోర్టికో అంటే మన ఇళ్లలో కారు పెట్టుకునేది కాదు, గుడి ముఖమండపం లాంటిది. ఆరు పెద్ద కొరింథియన్ స్తంభాలు (అంటే తలకాయల మీద ఆకుల చెక్కడం ఉన్నవి), వాటి మీద ముక్కోణపు నుదురు. అటో రెక్క, ఇటో రెక్క. ఇదంతా ఆ తరానికి కంఠస్థమైన పాఠం. బ్రెటింగ్‌హామ్, పెయిన్ ఇద్దరూ బుద్ధిగా అప్పజెప్పారు. ఆడమ్ దీన్ని పెద్దగా మార్చలేదు, మార్చే వీలూ లేదు, పునాదులు లేచిపోయాయి.

దక్షిణం వైపు ఇంకా చేయి పడలేదు. ఆడమ్ కసి అంతా అక్కడ తీర్చుకున్నాడు. రోమ్‌లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి విజయతోరణం ఉంది కదా, దాన్ని తెచ్చి ఒక ఇంటికి అతికించాడు. గోడకి ముందు నాలుగు స్తంభాలు విడివిడిగా నిలబడతాయి. ఒక్కోదాని నెత్తిన ఒక విగ్రహం. వెనక తక్కువ ఎత్తు గుమ్మటం. కింద రెండు వైపుల నుంచీ వంగి వచ్చే మెట్లు. పైన లాటిన్‌లో 1765 సంవత్సరం వేసి, ఈ ఇల్లు స్నేహితుల కోసం, తన కోసం అని చెక్కించాడు యజమాని. స్నేహితుల్ని ముందు పెట్టాడు చూడండి. నాకు ఆ మనిషి మీద కాస్త ఇష్టం కలిగేది అక్కడే.

కట్టడాన్ని గోడలా నిలబెట్టకుండా ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ కదులుతున్నట్టు చూపించాలన్నది ఆడమ్ సిద్ధాంతం. గుమ్మటం లోపలికి తగ్గుతుంది, స్తంభాలు ముందుకొస్తాయి, మెట్లు చేతులు చాపుతాయి. సాయంత్రం నాలుగున్నరకి, ఎండ పడమర నుంచి ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే ఆయనేమన్నాడో అర్థమవుతుంది. మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు.

ఇక్కడ ఒక ముక్క దగ్గరగా చూపిస్తాను. దక్షిణ ముఖంలో మధ్యభాగానికి దగ్గరగా వెళ్లండి. అది చెక్కుడు రాయి. అక్కణ్ణుంచి పక్కకి నాలుగడుగులు వేయండి. అటూ ఇటూ ఉన్న గోడలు రాయి కాదు, ఇటుక మీద గచ్చు. దూరం నుంచి రంగు దాదాపు కలిసిపోతుంది. దగ్గరికెళ్తే రాయి మీద ఉలి పని కనిపిస్తుంది, గచ్చు చదునుగా చచ్చినట్టు ఉంటుంది. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారో, ఎక్కడ చేయి బిగించారో ఆ అతుకు చెప్పేస్తుంది. ఈ ముఖానికి అటో రెక్క, ఇటో రెక్క రావాల్సి ఉంది. ఒకదాంట్లో సంగీతశాల, ఇంకోదాంట్లో చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం అనుకున్నారు. రెండూ రాలేదు. అందుకే వెనక నుంచి చూస్తే చేతుల్లేని మనిషిలా ఉంటుంది ఇల్లు.

పాత ఇంటిని చదవాలంటే అందాన్ని కాదు, అతుకుల్ని చూడాలి. ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద ఇంటి భోజనాల గది మీద రిపోర్టు రాయమన్నారు. సీలింగ్ చూశాను. సన్నటి తీగలు, కలశాలు, విసనకర్రలాంటి పూలు, అచ్చం ఆడమ్ పద్ధతి. 1770ల పని అని రాసేశాను. మా దగ్గర ఒక ముసలి ప్లాస్టర్ మేస్త్రీ ఉండేవాడు. ఆయన రిపోర్టు చదవలేదు, "అటక ఎక్కావా?" అని అడిగాడు. ఎక్కలేదు. టార్చ్ ఇచ్చి ఎక్కించాడు.

18వ శతాబ్దపు సీలింగ్‌ని పైనుంచి చూస్తే సన్నటి చెక్క బద్దలు వరసగా ఉంటాయి. కింద నుంచి రుద్దిన సున్నం ఆ సందుల్లోంచి పైకి పొంగి, ముద్దలుగా గట్టిపడి ఉంటుంది. ఆ ముద్దలే సీలింగ్‌ని పట్టుకుంటాయి. నేను చూసింది అది కాదు. గోనె బట్ట! ప్లాస్టర్‌లో ముంచిన గోనె బట్ట, దాని వెనక చెక్క చట్రం, మేకులు. అంటే వర్క్‌షాపులో అచ్చు పోసి, బండి మీద తెచ్చి, పలకలు పలకలుగా బిగించిన సరుకు. ఆ పద్ధతి వచ్చిందే 1850లలో. విక్టోరియా రాణి కాలం చివర్లో ఆడమ్ ఫ్యాషన్ మళ్లీ ఊపందుకున్నప్పుడు ఎవరో పెట్టించుకున్నారు. నేను నూట పాతికేళ్ల తేడాతో తప్పు రాశాను. మేస్త్రీ ఏమీ అనలేదు, టార్చ్ తీసుకుని దిగిపోయాడు. అదే ఎక్కువ బాధేసింది.

అప్పటి నుంచీ ఏ ఇంటికెళ్లినా ముందు సెల్లారు, తర్వాత అటక, ఆఖరికి డ్రాయింగ్ రూమ్. మీకు కెడిల్‌స్టన్ అటక ఎక్కనివ్వరు. కానీ కొన్ని కళ్ల ముందే ఉన్నాయి.

ఉత్తరపు పోర్టికో దాటి లోపలికి రాగానే వచ్చే మార్బుల్ హాల్‌నే తీసుకోండి. సుమారు 40 అడుగుల ఎత్తు, గోడలకి కిటికీలు లేవు, వెలుగంతా పైకప్పులోంచి వస్తుంది. రోమన్ ఇళ్లలో మధ్య ముంగిలి ఎలా ఉండేదో దాన్ని ఊహించి కట్టింది. మన మండువా ఇల్లు తెలిసినవాళ్లకి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు, నడిమధ్య ఆకాశం దించడమే కదా. ఇరవై స్తంభాలు, ఒక్కోటి పాతిక అడుగులు. పేరేమో మార్బుల్ హాల్. ఆ స్తంభాలు మార్బుల్ కాదు, అలబాస్టర్. కర్జన్ సొంత క్వారీల రాయి, పక్క జిల్లా నాటింగ్‌హామ్‌షైర్ నుంచి వచ్చింది. అలబాస్టర్ అంటే జిప్సం జాతి. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తన. నీళ్లు తగిలితే మెల్లగా కరుగుతుంది కూడా. అందుకే బయట పెట్టరు, ఇంటి లోపలే బతుకుతుంది. దగ్గరికెళ్లి చూస్తే పచ్చిమాంసం ముక్కలా గులాబీ రంగు, అందులో ఇటుక రంగు నరాలు. ముట్టుకోవద్దని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా. ముందు ఆ స్తంభాలు నున్నగా ఉండేవి, 1770లలో నిలువు గాడులు చెక్కించారు. గాడి చెక్కినచోట నరాలు తెగి, వంకర తిరిగి కనిపిస్తాయి. నా మట్టుకు నాకు నున్నగా ఉంచేస్తేనే బావుండేదనిపిస్తుంది.

నేల మాత్రం లోకల్ సున్నపురాయి, హాప్టన్ వుడ్ అంటారు. దాంట్లో ఇటలీ మార్బుల్ పొదిగారు. గోడ గూళ్లలో విగ్రహాలు ప్లాస్టర్ అచ్చులు, అసలువి ఇటలీలో ఉన్నాయి.

దాని వెనకే సలూన్. గుండ్రటి గది, 42 అడుగుల అడ్డుకొలత, 62 అడుగుల ఎత్తున గుమ్మటం, నడినెత్తిన అద్దాల కన్ను. రోమ్‌లో గుండ్రటి గుమ్మటం ఉన్న పాత గుడి పాంథియన్‌ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు పెద్దాయన. మొదట శిల్పాలు పెట్టుకోవడానికి అనుకున్నారు, తర్వాత కొలువు గదిలా మారింది. గోడ గుండ్రం కాబట్టి తలుపులు కూడా వంగి ఉంటాయి. ఆ వంపు తలుపు చేసిన వడ్రంగికి దండం పెట్టాలి. ఒకసారి నేను వంపు తలుపు ఒకటి బాగు చేయించాను, మూడు నెలలు పట్టింది, వానాకాలం రాగానే మళ్లీ బిగుసుకుపోయింది. గోడ గూళ్లలో రోమన్ బలిపీఠాల్లా కనిపించేవి చూశారా? అవి ఇనుప పొయ్యిలు. ఇంగ్లండ్ చలికి రోమన్ వేషం వేశారన్నమాట.

ఈ హాలూ సలూనూ చూసి 1777లో ఇంగ్లీషు నిఘంటువు రాసిన రచయిత డాక్టర్ జాన్సన్ పెదవి విరిచాడు. టౌన్ హాల్‌కి బాగా పనికొస్తుంది, స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చు, గుండ్రటి గదిలో జ్యూరీ కూర్చోవచ్చు, పైన ఖైదీల్ని పెట్టొచ్చు అన్నాడట. ఎగతాళే గానీ అందులో నిజం ఉంది. ఆ గదుల్లో ఎవరూ పడుకోలేదు, తిని కూర్చోలేదు. సంసారమంతా తూర్పు రెక్కలోనే. మధ్య భవనం చూపించడానికే. కర్జన్ అది దాచలేదు కూడా. చూడటానికి వచ్చేవాళ్ల కోసం రోడ్డు పక్కన సత్రం కట్టించాడు, 1769లో బొమ్మల జాబితా అచ్చు వేయించాడు. హౌస్‌కీపర్ మిసెస్ గార్నెట్ ఆ జాబితా చేత్తో పట్టుకుని అందరినీ తిప్పి చూపించేది. ఆమె బొమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది, చేతిలో ఆ పుస్తకంతోనే. ఆ ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చిన బొమ్మ అదే. మీకు ఇల్లు చూపించిన వాలంటీర్‌కి ఆవిడే ముత్తవ్వ అనుకోండి.

ఇక కలకత్తా.

వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా వచ్చాక గవర్నమెంట్ హౌస్ కావాలన్నాడు. 1799లో మొదలై 1803లో పూర్తయింది. అదే తర్వాత రాజ్‌భవన్ అయింది. గీసింది చార్లెస్ వైయట్ అనే ఇంజనీర్ ఆఫీసర్. ఆయన చిన్నాన్న శామ్యూల్ వైయట్ కెడిల్‌స్టన్ కట్టేటప్పుడు సైట్ మీద పని చూసుకున్నవాడు. కాబట్టి చుట్టరికం గాల్లోంచి పుట్టింది కాదు. ఇంకోవైపు పెయిన్ 1783లో తన కెడిల్‌స్టన్ ప్లాన్లు అచ్చు వేయించుకున్నాడు. పని పోయినా డ్రాయింగులు నావేనని లోకానికి చెప్పుకోవాలి కదా, పాపం.

పెయిన్ ప్లాన్‌లో రెక్కలు నాలుగు. దక్షిణం వైపు ఆడమ్ విజయతోరణం లేదు, స్తంభాలతో గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చే ముఖం ఉంది. ఇప్పుడు కలకత్తా భవనం ఫోటో తీసి దక్షిణం వైపు చూడండి. గుండ్రంగా ముందుకొచ్చే స్తంభాల వరస, పైన గుమ్మటం. నాలుగు మూలలా నాలుగు రెక్కలు. డెర్బీషైర్‌లో ఆగిపోయిన ఇల్లు బెంగాల్‌లో లేచింది. పల్లాడియో పుస్తకంలో కట్టకుండా మిగిలింది, కెడిల్‌స్టన్‌లో సగం మిగిలింది, హుగ్లీ ఒడ్డున పూర్తయింది. ఎవరైనా మీకు "అచ్చం కాపీ" అంటే, ఏ డ్రాయింగ్‌కి కాపీ అని అడగండి.

తేడాలు కూడా చిన్నవి కావు. కెడిల్‌స్టన్‌లో అలబాస్టర్, కలకత్తాలో పాలిష్ పెట్టిన సున్నపు గచ్చు. నాలుగు రెక్కలు కలకత్తాకే ఎక్కువ నప్పాయని నా అభిప్రాయం, ఎటు నుంచి గాలి వీచినా ఏదో ఒక రెక్క పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో అదే పథకం అంటే నాలుగు వైపులా చలి. ఒక్క కష్టం మాత్రం రెండు చోట్లా ఉంది, అన్నం చల్లారిపోవడం. కెడిల్‌స్టన్‌లో వంటిల్లు పడమటి రెక్కలో, వంపు నడవా దాటి రావాలి. కలకత్తాలో అసలు వంటిల్లే ఇంటి బయట, ఆవరణ అవతల ఎక్కడో ఉండేది. డోలీల మీద మోసుకొచ్చేవాళ్లు.

కథలో మలుపు ఏమిటంటే, కెడిల్‌స్టన్‌లో 1859లో పుట్టిన జార్జ్ కర్జన్ 1899లో వైస్రాయ్‌గా వెళ్లి ఆ కలకత్తా ఇంట్లోనే దిగాడు. బెంగాల్ విభజన చేసిన కర్జనే. తన ఇంటి కాపీలో అతనికి లిఫ్టు, కరెంటు దీపాలు పెట్టించాలనిపించింది, పెట్టించాడు. 1916లో తండ్రి పోయాక అసలిల్లు చేతికొచ్చింది. ఇండియా నుంచి పోగేసుకొచ్చినవన్నీ కింది అంతస్తులో మ్యూజియంగా ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. 1903 ఢిల్లీ దర్బారులో భార్య మేరీ వేసుకున్న నెమలి ఈకల గౌను కూడా కెడిల్‌స్టన్ సొత్తే. ఈకలన్నీ మన దేశంలో జర్దోసీ పనివాళ్లు లోహపు దారంతో కుట్టినవి, కన్నుకో పచ్చటి పురుగు రెక్క. భార్య 1906లో పోయాక ఆ పక్క చర్చిలో ఆమె కోసం చాపెల్ కట్టించాడు. ఆకుపచ్చ రాతి నేల, పాలరాతి బొమ్మలు, అతను కూడా అక్కడే ఉన్నాడు. చర్చి చూడకుండా వచ్చేశారని ఇందాక అందుకే అన్నాను. ఇల్లు 1987లో నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) చేతికి వచ్చింది.

కోఠీ రెసిడెన్సీ గురించి రెండు మాటలు. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్. రెసిడెన్సీ భవనం తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, మా అక్క అందులోనే చదివింది. నేను బయట బస్టాప్‌లో ఎదురుచూస్తూ ఆ స్తంభాల్ని చూసినవాణ్ణే. 1803 ప్రాంతంలో రెసిడెంట్, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌ప్యాట్రిక్ దాన్ని మొదలుపెట్టించాడు. గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో ఉన్న శామ్యూల్ రస్సెల్. కలకత్తా భవనం పూర్తవుతున్న రోజులు అవి, దాని గాలి తగలకుండా ఉండదు. కానీ ప్లాన్ వేరు, నాలుగు రెక్కల ఆటే లేదు. ఎత్తు మెట్లు, రెండు సింహాలు, కొరింథియన్ స్తంభాల పోర్టికో చూసి కెడిల్‌స్టన్ అంటారు, వాట్సాప్‌లో అయితే వైట్‌హౌస్ అంటారు. ఆ కాలంలో దర్జా అంటే అందరికీ తెలిసిన ముఖం అదొక్కటే. పెళ్లి శుభలేఖల మీద వినాయకుడి బొమ్మ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే ఇంటివి కావు కదా.

డబ్బు సంగతి. ఈ ప్రశ్న అడిగినందుకు మిమ్మల్ని తప్పుపట్టను, చాలా ఇళ్లకి అది సరైన ప్రశ్నే. బెర్క్‌షైర్‌లో బేసిల్డన్ పార్క్ కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్ బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి వెనకేసుకొచ్చినవాడు. సర్రేలో క్లేర్‌మాంట్ రాబర్ట్ క్లైవ్ కట్టించుకున్నది. కానీ కెడిల్‌స్టన్ ఇల్లు లేచింది డెర్బీషైర్ భూముల కౌళ్ల మీద. ఆ నాథానియల్ కర్జన్ కంపెనీ నౌకరు కాదు. ఇండియా ఆ ఇంట్లోకి వచ్చింది నూట యాభై ఏళ్ల తర్వాత, వైస్రాయ్ పెట్టెల్లో. ఆ పెట్టెల్లోవి ఏవి కొన్నవి, ఏవి బహుమతులుగా వచ్చినవి, ఆ బహుమతులు ఎంత ఇష్టపడి ఇచ్చినవి అన్నది అడగాల్సిన ప్రశ్నే. కానీ అది మ్యూజియం గదికి వేసే ప్రశ్న, గోడలకి కాదు. రెండూ కలిపేస్తే రెండిటికీ జవాబు రాదు.

మళ్లీ వెళ్తానన్నారు కాబట్టి నా మాట విని ఈ వరస పెట్టుకోండి. ముందు చర్చి. తర్వాత వంతెన దాకా నడిచి అక్కణ్ణుంచి ఉత్తరపు ముఖం. ఆడమ్ గీసిన వంతెనే అది, మూడు ఆర్చీలు, నీళ్లు కూడా తవ్వించి పెట్టినవే. చెరువు గట్టున చేపలు పట్టే చిన్న మంటపం ఉంటుంది, ఎండ తగలకుండా ఆడవాళ్లు కిటికీలోంచి గాలం వేసేవాళ్లట. లోపలికెళ్లాక హాల్లో స్తంభం పక్కన నిలబడి గాడి దగ్గర నరం ఎలా తెగిందో చూడండి. సలూన్‌లో తలుపు మూసి ఉంటే పక్కనుంచి చూడండి, వంపు తెలుస్తుంది. ఆఖరికి దక్షిణం వైపు, సాయంత్రం.

మీరు పెట్టిన మూడో ఫోటోలో ఎడమ అంచున ఒక రంగు మారిన గీత కనిపిస్తోంది. అది రాయికీ గచ్చుకీ మధ్య అతుకా, లేక వాన మరకా అనేది ఈ సైజులో తేలడం లేదు. ఈసారి వెళ్లినప్పుడు దాన్ని దగ్గర నుంచి తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.